స్కూలు లైబ్రరీకి ఇన్‌స్టా ఖాతా తెరవమంటున్నారు, తెరవాలా?

బీరువాతాళం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను స్కూల్లో లైబ్రేరియన్‌ని, పదకొండేళ్లుగా ఇదే పని. మా ప్రిన్సిపాల్ గారు లైబ్రరీ పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచి వారానికి రెండు రీల్స్ అయినా పెట్టమంటున్నారు. "పిల్లలు ఎక్కడుంటే మనమూ అక్కడికే వెళ్లాలి కదా మేడమ్" అంటారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ నాకు మనసొప్పడం లేదు. ఎందుకు అంటే సూటిగా ఒక్క కారణం చెప్పలేకపోతున్నా, అందుకే ఇక్కడ రాస్తున్నా, కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

ముందు నా బండారం నేనే బయటపెట్టుకుంటా. రెండు నెలల కిందట ఒక నవల నా పేరు మీదే ఇష్యూ చేసుకుని ఇంటికి తీసుకెళ్లాను. గడువు దాటింది, నాకు నేనే రెన్యువల్ చేసుకున్నా. మళ్లీ దాటింది, మళ్లీ చేసుకున్నా. ఇప్పుడు నలభయ్యో పేజీలో ఉన్నా. ఒకప్పుడు అలాంటి నవల పొద్దున మొదలుపెడితే రాత్రికి అయిపోయేది. ఇప్పుడు రెండు పేజీలు తిరగేసరికి చెయ్యి దానంతట అదే ఫోన్ కోసం తడుముకుంటుంది, అది పక్క గదిలో ఛార్జింగ్‌లో ఉందని తెలిసి కూడా. మరి పిల్లల ముందు నిలబడి "ఫోన్ పక్కన పెట్టి పుస్తకం చదవండర్రా" అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఇక అసలు సంగతి. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు, లైబ్రరీ పీరియడ్‌లో ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుని అట్లాస్ తిరగేస్తూ గంట కొట్టేదాకా కాలక్షేపం చేసేవాడు, ఒకరోజు నోట్‌బుక్ చివరి పేజీలో ఒక వాక్యం రాసుకొచ్చాడు. ఏదో రీల్‌లో చూశాడట. కింద ఒక పెద్ద రచయిత పేరు. "మేడమ్, ఈ మాట ఏ పుస్తకంలో ఉంది?" అన్నాడు. నాకు తెలియదు. ఆ రచయితవి మా షెల్ఫ్‌లో రెండే ఉన్నాయి, చిన్నది చూసి ఇచ్చాను, రెండు రోజుల్లో తెచ్చి పడేస్తాడులే అనుకున్నా.

తొమ్మిది రోజుల తర్వాత వచ్చాడు. పుస్తకం టేబుల్ మీద పెట్టి "ఇందులో లేదు మేడమ్" అన్నాడు. సరిగ్గా చూశావా అంటే, "మొదటిసారి గబగబా చూసుకుంటూ పోయాను, దొరకలేదు. మళ్లీ మొదటి నుంచి ఒక్కో లైను చదివాను" అన్నాడు. రెండో పుస్తకం అడిగి మరీ తీసుకెళ్లాడు. అందులోనూ లేదు. చివరికి ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని వెతికితే తేలిందేమిటంటే, అదే మాట ముగ్గురు వేర్వేరు రచయితల పేర్లతో తిరుగుతోంది, ఒక్కచోట కూడా పుస్తకం పేరు గానీ పేజీ నంబర్ గానీ లేదు. వాడి మొహం చూడాలి అప్పుడు. "మరి అన్ని వేల మంది లైక్ కొట్టారు కదా మేడమ్!" అన్నాడు, నేనేదో మోసం చేసినట్టు. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "కానీ ఆ మొదటి దాంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు చూడండి, అది బాగుంది" అని వెళ్లిపోయాడు.

సోషల్ మీడియా వాణ్ని నా దగ్గరికి పంపింది. అబద్ధం చెప్పి పంపింది. నేను పదకొండేళ్లలో వాడి చేత చదివించలేనిది ఆ అబద్ధం రెండుసార్లు చదివించింది. దీన్ని ఏ ఖాతాలో రాసుకోవాలో అర్థం కావడం లేదు.

అడిగేదొక్కటే. ఇలా లైబ్రరీకి ఖాతా నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే, మీ ఇష్యూ రిజిస్టర్‌లో ఏమైనా తేడా కనిపించిందా? లైకులు, ఫాలోవర్లు కాదు, పుస్తకాలు కదిలాయా లేదా అని.

మూడోర్యాక్

మేడమ్, నేనూ మీ బాపతే. ఒక సంవత్సరం పైన నడిపి మూసేశాను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా.

మొట్టమొదటి చిక్కు వయసు. ఈ యాప్‌లు చాలావాటిలో 13 ఏళ్లు నిండితే గానీ ఖాతా ఉండకూడదు. 1998లో అమెరికాలో పిల్లల వివరాల రక్షణకి తెచ్చిన చట్టం వల్ల మొదలైన గీత అది, చాలాచోట్లకి అదే పాకింది. అంటే మన ఆరు, ఏడు తరగతుల పిల్లలు లెక్క ప్రకారం అక్కడ ఉండనే కూడదు. ఉన్నారనుకోండి, పుట్టిన సంవత్సరం మార్చుకుని. మరి స్కూలే అక్కడ దుకాణం తెరిస్తే "తప్పు పుట్టినరోజు వేసుకుని రండి" అని పిలిచినట్టు కాదూ? మా ఫాలోవర్లలో సగం మంది టీచర్లు, మిగతా సగం తల్లిదండ్రులు. పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

రెండోది టైమ్. ముప్ఫై సెకన్ల రీల్‌కి నాకు సాయంత్రం మొత్తం పట్టేది. ఏ పిల్లాడి మొహం పడకుండా తియ్యాలి, పడితే ఇంట్లోవాళ్ల అనుమతి కాగితం కావాలి, పాట పెట్టాలి, అక్షరాలు ఎక్కించాలి. అదే సాయంత్రం కూర్చుని ఉంటే ఒక ర్యాక్ మొత్తం సర్దేసేదాన్ని, చిరిగిన అట్టలు నాలుగు అతికించేదాన్ని. మా రీల్స్ అన్నిట్లో ఎక్కువ మంది చూసింది ఏదో తెలుసా, నేను స్టూల్ ఎక్కి పుస్తకాలు తీస్తుంటే పై వరస మొత్తం నా మీద పడిన వీడియో. తర్వాత నెల రోజులు పిల్లలు వచ్చి "మేడమ్, మళ్లీ ఎప్పుడు పడతాయి" అని అడిగేవాళ్లు.

మీరడిగిన రిజిస్టర్ సంగతి. తేడా కనిపించింది, అబద్ధం చెప్పను. ఏ పుస్తకం మీద రీల్ పెడితే ఆ పుస్తకం కోసం ఆ వారంలో ఆరేడుగురు వచ్చేవాళ్లు. కానీ మన దగ్గర ఉండేది ఒక్క కాపీ, గడువు పధ్నాలుగు రోజులు. అక్కడ ట్రెండ్ ఉండేది వారం. మూడోవాడి చేతికి పుస్తకం అందేసరికి వాడికి అది ఎందుకు కావాలనుకున్నాడో కూడా గుర్తుండదు. తీసుకోమంటే "ఇప్పుడొద్దు మేడమ్" అనేవాడు. మొత్తం లెక్క చూస్తే ఏడాది చివర ఇష్యూలు అంతకుముందు ఏడాదంతే.

ఖాతా మూసేశాక ఒకటి చేశాను, అది మాత్రం నిలిచింది. ప్రతి కథల పుస్తకం వెనక అట్ట లోపల ఒక తెల్లకాగితం అతికించి, పైన "ఎక్కడ ఆపేశావు? ఎందుకు?" అని రాసి పెట్టా. బాగుందా, నీతి ఏమిటి, సారాంశం ఏమిటి, ఇవేవీ అడగలేదు. ఒక పుస్తకంలో ఒకడు రాశాడు: "47వ పేజీలో ఆపేశాను. పేర్లు గుర్తుండటం లేదు." దాని కింద వేరే చేతిరాత: "60 దాకా ఓపిక పట్టు, సగం మంది చచ్చిపోతారు." ఆ పుస్తకం ఆ ఏడాది అసలు షెల్ఫ్ మీద కనిపిస్తే ఒట్టు.

లెక్కలమాస్టారు

నేను కొంచెం ఎదురు మాట్లాడతా, కోప్పడకండి. ఈ "పిల్లలు చదవడం మానేశారు" అనే ఏడుపు ప్రతి తరమూ ఏడ్చిందే. మేము చదువుకునేటప్పుడు టెక్స్ట్‌బుక్ మధ్యలో డిటెక్టివ్ నవల పెట్టుకుని చదివితే "ఈ చెత్త చదివి చెడిపోతున్నారు" అని తిట్టినవాళ్లే ఈరోజు "కనీసం నవలైనా చదవండ్రా" అంటున్నారు. అంతకుముందు కామిక్స్, తర్వాత టీవీ, ఇప్పుడు ఫోన్. తిట్టడానికి ఏదో ఒకటి కావాలి మనకి.

ఇంకోటి, చదవడం వేరు, నేర్చుకోవడం వేరు, రెండిటినీ కలిపేసి మాట్లాడుతున్నాం. మా పదో తరగతి అమ్మాయి ఒకతి వృత్తానికి స్పర్శరేఖల సిద్ధాంతం నేను చెప్పినప్పుడు తల ఊపి ఊరుకుంది. ఇంటికెళ్లి ఏదో వీడియో నాలుగుసార్లు ఆపి ఆపి చూసి, మర్నాడు బోర్డు మీద నాకంటే శుభ్రంగా చెప్పింది. నన్ను నాలుగుసార్లు ఆపగలదా? "సార్, మళ్లీ చెప్పండి" అని రెండోసారి అడగడానికే భయపడతారు.

అయితే లెక్కల మనిషిని కాబట్టి నాకు గిట్టని అంకె కూడా చెప్పేస్తా. పదిహేనేళ్ల పిల్లల చదువు మీద చాలా దేశాల్లో జరిపే పీసా సర్వే ఉంది, 2022 నాటి దాంట్లో, ఓఈసీడీ అనే కూటమి దేశాల (ఎక్కువగా సంపన్న దేశాలే) సగటున, విద్యార్థుల్లో 65 శాతం మంది కనీసం కొన్ని లెక్కల క్లాసుల్లోనైనా డిజిటల్ పరికరాల వల్ల తమ ధ్యాస చెదురుతోందని తామే ఒప్పుకున్నారు. పక్కవాడు ఫోన్ చూస్తుంటే మా ధ్యాస చెదురుతోంది అన్నవాళ్లు 59 శాతం. ఈ రెండో అంకె దగ్గర ఆగిపోయాను నేను. తన చేతిలో ఏమీ లేకపోయినా పక్కవాడి వెలుగుకి కళ్లు అటు పోతాయి.

కాబట్టి ఖాతా తెరవండి, తెరవకపోండి, అది పెద్ద విషయం కాదు. లైబ్రరీ గదిలోకి మాత్రం ఫోన్ రానివ్వకండి. మీది కూడా.

పక్కట్యాబ్

నేను టీచర్ ట్రైనింగ్ కాలేజీలో పాఠం చెప్తా, ఈ చదివే పద్ధతుల మీదే పని. ఒక చిన్న సవరణ, ఒక ముచ్చట.

సవరణ ఏమిటంటే, తెర మీద చదవడం, సోషల్ మీడియా చూడటం రెండూ ఒకటి కాదు, దయచేసి ఒకే గాటన కట్టకండి. కాగితమా తెరా అన్న దాని మీద 2018లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది, 2000 నుంచి 2017 దాకా జరిగిన 54 పరిశోధనలు, మొత్తం లక్షా డెబ్బై వేల మందికి పైగా పాఠకులు. కాగితం మీద చదివినవాళ్లకే అర్థం కావడం మెరుగ్గా ఉంది, తేడా మరీ పెద్దది కాదు గానీ ఉంది. టైమ్ పెట్టి చదవమన్నప్పుడు ఆ తేడా పెరిగింది. పాఠం లాంటి సమాచారం చదివినప్పుడే అది కనిపించింది, ఉత్త కథ చదివినప్పుడు కాదు. అంటే ఫోన్‌లో నవల చదివే పిల్లని తిట్టడానికి మన దగ్గర ఆధారం లేదు. ఫోన్‌లో సైన్స్ పాఠం హడావిడిగా చదివే పిల్లాడి గురించి మాత్రం ఆలోచించాలి. మనవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు, కథల పుస్తకం కాగితంలో ఉండాలంటారు, స్టడీ మెటీరియల్ మాత్రం పీడీఎఫ్ చేసి గ్రూపులో పడేస్తారు.

ఇక ముచ్చట, మీ కుర్రాడి గురించి. స్టాన్‌ఫర్డ్‌లో వైన్‌బర్గ్, మెక్‌గ్రూ అనే ఇద్దరు పరిశోధకులు పదిమంది చరిత్ర పండితుల్నీ, పదిమంది వృత్తిరీత్యా వార్తల నిజానిజాలు తేల్చేవాళ్లనీ, పాతికమంది కాలేజీ విద్యార్థుల్నీ కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్లు చూపించి, నమ్మొచ్చా లేదా చెప్పమన్నారు. పండితులు, విద్యార్థులు చాలామంది ఆ పేజీలోనే కూర్చుని, పైనుంచి కిందికి చదివి, లోగో బాగుంది, భాష హుందాగా ఉంది అని మోసపోయారు. నిజాలు తేల్చేవాళ్లు మాత్రం ఆ పేజీని కాసేపు కూడా చూడకుండా పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి "వీళ్ల గురించి బయటివాళ్లు ఏమంటున్నారు" అని వెతికారు. నా పేరు ఇక్కడ అలా వచ్చిందే. మీరిద్దరూ కంప్యూటర్ ముందు చేసింది అదే పని. కానీ అంతకుముందు వాడు చేసిన పని ఉంది చూశారూ, మూలం దగ్గరికి వెళ్లి లైను లైను చదవడం, అది ఆ పండితులు తమ రంగంలో చేసే పని. తొమ్మిదో తరగతివాడు రెండూ చేశాడు. ఎవరూ చెప్పకుండా.

మీకు క్లాసులో పనికొస్తుంది, చెట్ల మీద బతికే ఆక్టోపస్ (అలాంటిది లేనే లేదు) గురించి 1998లో ఒకాయన సరదాకి ఒక వెబ్‌సైట్ చేశాడు. బొమ్మలు, శాస్త్రీయ నామం, అంతరించిపోతోంది కాపాడండి అనే విజ్ఞప్తి, అన్నీ ఉంటాయి. ఏడో తరగతి పిల్లలకి చూపించండి, ఏమీ చెప్పకండి. గంట తర్వాత వాళ్లే దాన్ని కాపాడటానికి పోస్టర్లు గీస్తుంటారు. నేను చూపించినప్పుడు మా ట్రైనీల్లో ఇద్దరు గీయబోయారు, అదింకా నవ్వు.

చివరిబెంచి

నేను పన్నెండో తరగతి. పెద్దవాళ్లంతా మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ రాస్తున్నా.

మేడమ్, ప్లీజ్, రీల్స్ పెట్టకండి. మేం స్కూల్ నుంచి తప్పించుకోవడానికే కదా అక్కడికి వెళ్లేది. అక్కడ కూడా స్కూల్ కనిపిస్తే, ఫ్రెండ్స్‌తో గదిలో నవ్వుకుంటుంటే నాన్న వచ్చి మధ్యలో కూర్చుని "ఏంట్రా, చెప్పండి, నేనూ నవ్వుతా" అన్నట్టు ఉంటుంది.

పుస్తకాల వీడియోలు చెడ్డవని మాత్రం అనకండి. పోయినేడాది నేను పదకొండు పుస్తకాలు చదివాను, తొమ్మిది వీడియోలు చూసి తెలుసుకున్నవే. కానీ అందులోనూ ఒక తిరకాసు ఉంది. నెలకి ఇన్ని చదివాను అని గుట్టగా పేర్చి చూపిస్తారు, మనకీ గుట్ట కావాలనిపిస్తుంది. పుస్తకం తెరవక ముందే ఎన్ని పేజీలో చూడటం అలవాటైంది నాకు. సన్నవి ఏరుకుని చదివేదాన్ని. ఒకసారి అయితే చివరి ఇరవై పేజీలు ఉత్తినే తిప్పేశా, లెక్కలో కలపడానికి. ఎవరికి చూపించాలని? నాకు నలభై మంది ఫాలోవర్లు.

లైబ్రరీలో నాకు నచ్చేది వేరే. ఫోన్‌లో బాధగా ఉన్న వీడియో ఒక్కటి పూర్తిగా చూస్తే తర్వాత వరసగా అవే వస్తాయి, రాత్రంతా అవే. అది నన్ను గుర్తుపెట్టుకుంటుంది. పదో తరగతిలో మా ఇంట్లో గొడవలు జరుగుతున్నప్పుడు, అమ్మానాన్నలు విడిపోయే పిల్లల గురించి ఒక పుస్తకం మా లైబ్రరీలో కనిపించింది. ఇంటికి తీసుకెళ్లలేదు. నాలుగు పీరియడ్లు అక్కడే నిలబడి చదివి, ప్రతిసారీ వెనక వరసలో దాచిపెట్టి వచ్చేదాన్ని. మా మేడమ్ ఒక్కసారి కూడా అది ఏంటి అని అడగలేదు. మర్నాడు అలాంటివి ఇంకో పది తెచ్చి నా ముందు పెట్టలేదు. అది చాలు నాకు.

లెక్కలమాస్టారు

అమ్మా చివరిబెంచీ, మీ మేడమ్ చూసే ఉంటారు. చూడనట్టు ఊరుకున్నారు.

బీరువాతాళం

రెండు వారాలు ఆగి రాస్తున్నా, ఏమైనా చేశాక చెప్దామని.

చివరిబెంచి గారూ (నీ అనొచ్చేమో, నా స్టూడెంట్ల వయసే), నీ మాట చదివాక రిజిస్టర్ తీసి చూసుకున్నా. ఇన్నాళ్లూ ఇష్యూ అయిన పుస్తకాలే లెక్కపెట్టుకుంటున్నాను. వెనక వరసలో దాచిపెట్టిన పుస్తకాలు ఏ లెక్కలోకీ రావు. సర్దేటప్పుడు తప్పు చోట దొరికితే విసుక్కుని పెట్టాల్సిన చోట పెట్టేసేదాన్ని, ఎవరో సగంలో ఉన్నారేమో అని ఒక్కసారీ తట్టలేదు. ఇప్పుడు తప్పు చోట కనిపిస్తే వారం దాకా కదపడం లేదు. స్టాక్ వెరిఫికేషన్ అప్పుడు ఎలాగూ ఏడవాలి.

నాకు ఎందుకు మనసొప్పలేదో కూడా ఇప్పుడు తెలిసింది. మేం లైబ్రరీ సైన్స్ కోర్సులో మొదట బట్టీపట్టేది, మన దేశంలో ఆ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ గారి ఐదు సూత్రాలు, 1931 నాటివి. నాలుగోది, పాఠకుడి కాలాన్ని ఆదా చెయ్యి. కార్డులు, నంబర్లు, ర్యాకుల మీద పేర్లు, ఇదంతా అందుకే, వచ్చినవాడికి కావలసింది త్వరగా దొరికి వాడి దారిన వాడు పోవాలని. ఇటు చూస్తే, కింది దాకా వెళ్లినా పేజీ అయిపోకుండా కొత్తవి వస్తూనే ఉండే ఆ స్క్రోల్‌ని 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్ అనే ఆయనే తర్వాత దాని గురించి బాధపడ్డాడు. అక్కడ లెక్క, వచ్చినవాడు పోకూడదు. మా పని వాణ్ని పంపించడం, వాళ్ల పని ఆపడం. ఇదే ప్రిన్సిపాల్ గారికి చెప్పా. "బాగుంది మేడమ్, దీన్నే ఒక రీల్ చెయ్యొచ్చుగా" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి, ఇప్పటికే ఉన్న తల్లిదండ్రుల గ్రూపులో నెలకోసారి కొత్త పుస్తకాల ఫోటో పెడతానని ఒప్పించా. ఆ విషయం అంతటితో సరి.

మాస్టారూ, ఆఖరి గంట కొట్టాక నా ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసి ఇరవై నిమిషాలు కూర్చుంటున్నా. మొదటి మూడు రోజులు తాళంచెవి వంకే చూశాను. ఇప్పుడు నవల నూట పన్నెండో పేజీలో ఉంది. పక్కట్యాబ్ గారూ, ఆక్టోపస్ క్లాస్ వచ్చే వారం, పోస్టర్ పేపర్లు తెప్పించా.

మూడోర్యాక్ గారి కాగితం యాభై పుస్తకాలకి అతికించాను. ఆ తొమ్మిదో తరగతివాడు మొదటి పుస్తకం అడిగి తీసుకుని, నిలబడే రాసిచ్చి పోయాడు. "రీల్‌లో ఉన్న ఆ మాట ఇందులో లేదు. రెండుసార్లు వెతికాను. 131వ పేజీ బాగుంది."

నిన్న చూస్తే దాని కింద పెన్సిల్‌తో ఎవరో రాశారు: "ఏ మాట?"